నతానియేలు ట్యూనింగు

నంద్యాలలో నేను ఇరవై రెండేళ్లు పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. అన్నేళ్లలో ఒక్క ప్రశ్నతో నా నోరు మూయించిన మనిషి ఒక్కడే. అతను బడి మొహం సరిగ్గా చూసినవాడు కూడా కాదు. హార్మోణియం పెట్టెలు బాగుచేసే నతానియేలు.

డెబ్బై ఏడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం చెమటలు కక్కుకుంటూ మా ఇంటికొచ్చాడు.

"టీచరమ్మా, ట్యూనింగ్ అంటే ఏందీ?"

"శ్రుతి చేయడం. రోజూ చేసే పని నీకు తెలీదా?"

"పని తెలుసు. మాట తెలీదు. పక్కంగడి మెకానిక్కు మోటారు సైకిలుకు ట్యూనింగ్ చేస్తాండాడు. రేడియోకు తిప్పే బిరడానూ ట్యూనింగే అంటారు. నా పెట్టెకూ ట్యూనింగే. మూడింటికీ ఒకే మాట ఎట్ల కుదిరింది? నా అంగడికి బోర్డు రాసే ఆయప్ప వచ్చి కూర్చోనుండాడు. అర్థం తెలీని మాట నా బోర్డు మీద రాయించను."

నాకు కోపమొచ్చింది. తెలియని సంగతి అడిగినవాళ్ల మీద టీచర్లకు కోపం రావడం మామూలే. "వారం తర్వాత రా," అని పంపేశాను.

అతనిది సంజామల దగ్గర పల్లె. తండ్రి కూలిమనిషి. పదిహేనేళ్లప్పుడు, సైకిలు మీద ఊరూరా తిరిగి పెట్టెలు బాగుచేసే ఒకాయన వెంట పోయి పని నేర్చుకున్నాడు. వేలితో నొక్కే ఒక్కో మెట్టుకూ పెట్టె లోపల ఒక్కో ఇత్తడి నాలుక ఉంటుంది. దాని కొన దగ్గర గీకితే స్వరం పైకి పోతుంది, మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుంది. వెంట్రుకవాసి ఎక్కువ గీకినా నాలుక పాడైనట్టే. నతానియేలు చేతికి ఆ లెక్క తెలుసు. తప్పుస్వరం వింటే మాత్రం కూర్చోలేడు. ఒక పెండ్లిలో ప్రమాణాలు జరుగుతుండగానే లేచిపోయి, వాయించేవాణ్ణి పక్కకు జరిపి పెట్టె విప్పాడట. "ఆయప్పకు నా కేకలు వినపడవు, పెట్టె మూలుగు మాత్రం వీధి చివర్నించి వినపడతాది," అని అతని భార్య లూదియా నాతో ఎన్నిసార్లు అనిందో.

మా బడి లైబ్రరీలో లావుపాటి నిఘంటువు ఒకటుండేది. దుమ్ము దులిపి వెతికాను. ట్యూన్ అనేది టోన్ అనే మాటకు మరో రూపమట. టోన్ లాటిన్ మీదుగా గ్రీకు నుంచి వచ్చిందట. గ్రీకులో 'తోనోస్' అంటే బిగలాగడం. తీగను బిగలాగితే స్వరం పలుకుతుంది కాబట్టి స్వరానికే ఆ పేరొచ్చింది. ఆ తర్వాత స్వరాన్ని సరిచేయడానికీ, ఇంకా తర్వాత రేడియోను, ఇంజన్ను సరిచేయడానికీ అదే మాట వాడుకున్నారు. నాకే భలే అనిపించింది. వారం తర్వాత గొప్పగా చెప్పాను.

నతానియేలు తల గోక్కున్నాడు. "నా పెట్టెలో తీగే లేదు కదమ్మా. ఇత్తడీ గాలీ. ఇంక లాగేది ఏందీ?"



అతను ఊరుకోలేదు. అహోబిలంలో పార్థసారథి అని సంస్కృత పండితుడొకాయన ఉండేవారు. ఆయన భజన పెట్టెను బాగుచేసేది నతానియేలే. ఆ పని మీద పోయి, బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"సాములు చెప్పినారమ్మా! సంస్కృతంలో 'తన్' అంటే సాగదీసేదంట. తంత్రి, తంతువు అందులోంచే వచ్చినాయంట. గ్రీకు మాటా అదీ ఒక వేరు నుంచి పుట్టినవేనంట. మనం శ్రుతి అంటాం సూడు, అది మాత్రం వేరేనంట. శ్రుతి అంటే వినేదంట! వాళ్లు లాగుతాండారు, మనం వింటాండాం. పని ఒకటే!"

ఆ సంతోషంలో బోర్డు రాయించేశాడు. నెల రోజులు అంగడికొచ్చిన ప్రతివాణ్ణీ నిలబెట్టి ఈ కథ చెప్పాడు. పాపం, గాలి కొట్టే బెలోస్ చిరిగిందని వచ్చినవాళ్లు గ్రీకు నేర్చుకొని పోయేవాళ్లు.

రెండేళ్లకు ఆళ్లగడ్డ అవతల ఒక పల్లె నుంచి క్రైస్తవుల గుడి పెట్టె బాగుకు వచ్చింది. తెచ్చినవాడు అక్కడ వాయించే జయరాజు. కోత పండుగకు కావాలన్నాడు. నతానియేలు విప్పి చూస్తే మూడో స్వరమైన గాంధారం నాలుక కొనన ఇంత మైనం ముద్ద అంటుకొని ఉంది. ఆ బరువుకు స్వరం కిందికి దిగిపోయింది. "ఎవడో పని రానోడు చేసినాడు," అని తిట్టుకుంటూ గీకి పారేశాడు. కొలతకని దగ్గరుంచుకున్న తన కలకత్తా పెట్టెతో సరిచూసుకొని అన్ని స్వరాలూ నికార్సుగా నిలిపాడు. పనితనం వినిపిద్దామని పండుగరోజు లూదియానూ నన్నూ కూడా బస్సెక్కించాడు.

కోత పండుగకు ఎవరి పంట వాళ్లు గుడికి తెస్తారు. జొన్న కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు బలిపీఠం ముందర పరిచి ఉన్నాయి. కీర్తన ఎత్తింది జయమ్మవ్వ. అరవై దాటిన కూలిమనిషి, అక్షరం రాదు. నలభై ఏళ్లకు పైగా ఆ గుడిలో పాట ఎత్తేది ఆమేనట. గొంతు గుడి కప్పు దాకా లేచింది. మూడో స్వరానికి వచ్చేసరికి పెట్టె ఒక దారి, ఆమె ఒక దారి. రెండోసారి ఎత్తింది, మళ్లీ అంతే. కోళ్ల పక్కన కూర్చున్న పిల్లలు కిసుక్కుమన్నారు. ఆమె పాట ఆపి, కొంగుతో మూతి తుడుచుకొని కూర్చుంది.

ప్రార్థన కాగానే సంఘ పెద్ద ప్రభుదాసు లేచాడు. "జయమ్మకు వయసైపాయె. పెట్టె బాగైనా గొంతు బాగు కాదు కదా. ముగింపు కీర్తన సలోమి పాడతాది. ఇంకమీదట కూడా ఆ పిల్లే," అన్నాడు. ఎవరూ అడ్డం చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది. నతానియేలు వైపు చూస్తే అతను పెట్టెనే చూస్తున్నాడు.

ముగింపు కీర్తనకు ముందు బయట గుమ్మడికాయల వేలంపాట మొదలైంది. నతానియేలు పెట్టెను చంకనెత్తుకొని గుడి వెనక్కి నడిచాడు, నేనూ వెంట పోయాను. జయమ్మవ్వ గోడనీడన ఒక్కతే కూర్చుని ఉంది.

"అవ్వా, నీ గొంతు యాడికీ పోలేదు. చెడగొట్టింది నేను."

"పెట్టె తప్పు చెప్తాదా నాయనా? ముసలిదాన్నయితిని. పోనీలే."

"ఇందులో మైనం ఉండె. నేను తీసేస్తి. ఎవరు పెట్టినారు?"

"మోషే ఉపదేశి, అప్పట్లో ఈ గుడిలో వాక్యం చెప్పినోడు. ఆయప్ప పోయి శానా ఏండ్లాయె. నాకప్పుడు కొత్తగా పెండ్లయింది. పాడు బిడ్డా, మళ్లా పాడు బిడ్డా అని పొద్దుగూకులూ పాడించి మైనం పెట్టినాడు. ఎందుకని అడిగితే, పెట్టెకు జలుబు చేసిందన్నాడు."

నతానియేలు పెట్టెను కింద పెట్టాడు. అంతవరకూ పని రానోడని తిట్టింది ఎవరినో అతనికి అప్పుడు తెలిసింది. తను కలకత్తా పెట్టెను విన్నాడు. ఆ పాత ఉపదేశి ఈమెను విన్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను.

గుడిలోకి పోయి కొవ్వొత్తి ముక్క తెచ్చుకున్నాడు. పెట్టె విప్పి, "పాడవ్వా," అన్నాడు. ఆమె పాడనంది. "నా తప్పు నన్ను దిద్దుకోనీ," అని బతిమాలితే సన్నగా ఎత్తింది. అతను మైనం గోటితో అద్దాడు, మెట్టు నొక్కాడు, కొంచెం తీశాడు, మళ్లీ అద్దాడు. తప్పుస్వరం వింటే కూర్చోలేని మనిషి, చెమట కూడా తుడుచుకోకుండా నికార్సైన స్వరాన్ని చేజేతులా కిందికి దించుతున్నాడు. చివరికి పెట్టె, గొంతు ఒకటే పలికాయి. ఏది పెట్టె పలుకో, ఏది గొంతో నాకు తెలియలేదు.

జయమ్మవ్వ మాత్రం పాట ఆపేసింది. అతని ముఖంలోకి చూసింది.

"నాయనా, నిజం చెప్పు. ఆ పొద్దు జలుబు పెట్టెకా, నాకా?"

నతానియేలు పెట్టె మెట్ల మీదికి తలొంచుకున్నాడు. "పెట్టెకే అవ్వా."

గుడి ముందర వేలం పాడేవాళ్ల కేకలు వినిపిస్తున్నాయి. ఆమె కొంగు బిగించుకొని లేచి నిలబడింది.

"నువ్వూ ఆయప్పా ఇద్దరూ అబద్ధాలకోరులే," అంది. "పెట్టె లోపలికి ఎత్తుకొని పా. ముగింపు కీర్తన నేనే పాడతా."