తెగిన గీత

ఆఫీసులో అందరూ ఆమెను గీతలమ్మ అంటారు. మొదట వెక్కిరింపుగానే అన్నారు, పోనుపోను అదే పేరైపోయింది. ఇప్పుడు ఆమే ఫోనెత్తి "గీతలమ్మని, చెప్పండి" అనేస్తుంది. మహా మొండిమనిషి. చిన్నప్పుడు లెక్కల మాస్టారు తప్పు జవాబుకి మార్కులేస్తే, వెనక్కి వెళ్లి ఆ మార్కులు కొట్టేయించుకుని వచ్చిందట. వాళ్లమ్మ నెత్తీ నోరూ బాదుకుంది.

గాలిలో దుమ్మును కొలిచే మీటర్లతో ఆమె పని. అవి రోజంతా అంకెలు పంపుతుంటాయి, ఆ అంకెలు ఫైళ్లలో పోగుపడుతుంటాయి. మామూలువాళ్లు ఆ ఫైలు తెరిస్తే కళ్లు తిరుగుతాయి. గీతలమ్మ నల్లటి తెర మీద ఒక్క కమాండ్ కొడుతుంది. ఆమె రాసిన స్క్రిప్టు ఫైళ్లన్నీ చదివి, మీటరుకొక గ్రాఫు బొమ్మ గీసి పడేస్తుంది. మౌసు పట్టుకుని గీతలు లాగేవాళ్లంటే ఆమెకు ఒళ్లుమంట. "చేత్తో గీస్తే చెయ్యి మొహమాటపడుతుంది. స్క్రిప్టుకి ఆ జబ్బు లేదు" అంటుంది.

ఆ స్క్రిప్టుకొక పద్ధతుంది. మీటరు పనిచెయ్యని రోజులకు ఫైల్లో ఒక ఖాళీ వరస వదిలేస్తుంది. ఆ వరస దగ్గర గీత తెగిపోతుంది, మళ్లీ అంకెలు దొరికిన చోట మొదలవుతుంది. కొలవనిది గీయకూడదు, అంతే.

ఈసారి గొడవంతా ఆ తెగిన చోటే వచ్చింది. గీతలమ్మ కాపురముండే వీధి చివర సిమెంటు మిల్లు ఉంది. అక్కడి మీటరులో దుమ్ము పైపైకి ఎక్కుతుండగా కరెంటు పోయింది. కొన్ని రోజులకు మళ్లీ వచ్చేసరికి గాలి తేటపడి ఉంది. మిల్లును ఇంకా పెంచుకోవడానికి అనుమతి ఇవ్వాలా వద్దా అని వీధిజనం ముందు విచారణ పెట్టారు. ఆ గ్రాఫు అక్కడ చూపించాలి.

"ఆ రెండు కొసలూ కలిపెయ్యమ్మా, చూడ్డానికి బాలేదు" అన్నాడు ఆఫీసరు.

"కలిపితే దుమ్ము మెల్లగా దానంతటదే తగ్గిందన్నట్టు ఉంటుంది సార్. మనం చూళ్లేదుగా."

"ఖాళీ వరస తీసేస్తే చాలు, అదే కలుస్తుంది. ఒక్క అంకె కూడా మార్చక్కర్లేదు. ఇందులో అబద్ధమేముంది?"

ఆ మాటకే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. అంకె మార్చమంటే దొంగపనని అందరికీ తెలుస్తుంది. ఇది ఎవరికీ తెలియదు.

"నేను కలపను."

"నీ కాంట్రాక్టు మళ్లీ రాయాల్సింది నేనే. గుర్తుందిగా?"

గుర్తులేకేం? ఇంట్లోకి వచ్చే జీతం ఆమెదొక్కటే. కాళ్లీడ్చుకుంటూ వచ్చి అత్తగారికి చెప్పింది.

"కూరలో ఉప్పే సరిగ్గా కలపవు, నువ్వు గీతలేం కలుపుతావే" అందావిడ. "ఉద్యోగం ఊడితే ఇంకోటి చూసుకుందాం. నువ్వు మాత్రం వాడికి తలొంచావంటే నేనూరుకోను."

విచారణ రోజు ఆఫీసరే ఖాళీ వరస తీసేసి, కలిసిన గీతతో బొమ్మ సిద్ధంగా తెచ్చాడు. గీతలమ్మ దాన్ని తెర మీద పెట్టింది. వేలితో ఆ చోటు చూపించింది.

"ఇక్కణ్ణించి ఇక్కడిదాకా మీటరు ఆగిపోయింది. ఈ ముక్క మేం గీసింది, గాలి గీసింది కాదు. అసలుది చూడండి."

అందరూ చూస్తుండగానే మీటరు పంపిన ఫైలు మీద కమాండ్ కొట్టింది. గీత పైకి ఎక్కి, ఠక్కున తెగి, చాలా దూరంలో కింద మళ్లీ మొదలైంది. ఆఫీసరు వంగి ఆమె చెవిలో "రేపట్నించి రానక్కర్లేదు" అన్నాడు. "అలాగే" అని ఆమె గట్టిగానే అంది.

మిల్లు మేనేజరు నవ్వాడు. "ఖాళీ చూపించి మా మీద నిందలేమిటండీ? ఆ రోజుల్లో ఏం జరిగిందో ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు." వెనక వరసలోంచి అత్తగారు లేచారు. "ఆ రోజులన్నీ నేను తలుపులు బిగించుకుని, ఊపిరాడక గోడకానుకుని కూర్చున్నాను. మీ మీటరు లేకపోతే ఏం, నేనున్నానుగా. నా మాట రాసుకో నాయనా."

విచారణాధికారి కలం తీశాడు. "ఇంకెవరైనా చెప్తారా?"

హాలంతా కుర్చీలు కిర్రుమన్నాయి.