ప్లస్సు బాడీకి కట్టే బండి

పోయిన శుక్రవారం పొద్దున దోహా పక్కన అల్ వక్రాలోని మా ఫ్లాటులో ఇస్త్రీపెట్టె ప్లగ్గు గోడలోనే కరిగిపోయింది. మంట రాలేదు, పొగ కూడా పెద్దగా లేదు. కానీ ప్లాస్టిక్కూ దుమ్మూ కలిసి కాలిన ఆ తియ్యటి జిగట కంపు గొంతులో దిగి కూర్చుంది. మా ఆయన కిటికీలు తెరిచి, ఇంత చిన్నదానికేనా అని నవ్వుతుంటే, నేను బాత్రూంలో వాంతి చేసుకున్నాను. కాలిన వైరు వాసనంటే నాకు పదేళ్ళ వయసు నుంచీ అసహ్యం.

మా నాన్న ఓబులేసుది కడప జిల్లా. పొద్దుటూరులో కార్లకూ లారీలకూ వైరింగు చేసే షెడ్డులో పన్నెండేళ్ళు పనిచేసి, ఆ షెడ్డు మూతపడ్డాక ఇక్కడ దోహా శివారు ముఐథర్‌లో ఒక పెద్ద విల్లాకు హౌస్ డ్రైవరుగా వచ్చాడు. తర్వాత అదే ఇంటికి వంటమనిషిగా అమ్మ వచ్చింది, అమ్మతో పాటు నేనూ వచ్చాను. గేటు పక్కన మాకిచ్చిన గదికి ఒకటే కిటికీ, ఆ కిటికీ నిండా ఏసీ, దాని కింద కారే నీళ్ళకు ఒక బకెట్టు, ఆ బకెట్టులో ఎప్పుడూ పచ్చటి నాచు, గది పైన పావురాల గూళ్ళు, అవి రాల్చే ఈకలూ రెట్టలూ మా గుమ్మం ముందు. ఎండాకాలం కుళాయి తిప్పితే చల్లనీళ్ళ వైపు నుంచి కూడా సలసల కాగే నీళ్ళొచ్చేవి. దుమ్ముగాలి లేచిన రోజున అన్నంలో, దుప్పట్లో, పళ్ళ సందుల్లో ఇసుక. అయినా గుమ్మం ముందరి ఆ గచ్చు మీదే నేను సముద్రపు గవ్వతో తొక్కుడుబిళ్ళ ఆడాను. రంజాను నెలలో పెద్దింటి నుంచి గోధుమలూ మాంసమూ జావలా ఉడికించిన హరీస్ గిన్నెల నిండా వచ్చేది, పైన నెయ్యి తేలుతూ. ఉగాదికి అమ్మ వాళ్ళ వంటంతా ముగించి, వాళ్ళ పొయ్యి మీదే ఓళిగలు కాల్చి, మొదటి పళ్ళెం వాళ్ళ పెద్దాయనకు పంపేది.

ఆ పెద్దాయనను ఇంట్లో అందరూ పిలిచినట్టే మేమూ బాబా అనేవాళ్ళం. డెబ్బై దాటినా గుండె నిబ్బరం ఉన్న మనిషి. గల్ఫ్‌లో పాతతరం వాళ్ళు మాట్లాడే విరిగిన ఉర్దూలో మా నాన్నతో గంటలు గంటలు కబుర్లు చెప్పేవాడు. వెనక షెడ్డులో ఆయనకొక పాత ఇంగ్లీషు మోటార్‌సైకిల్ ఉండేది. వయసులో ఉండగా చమురు పనికి దుఖాన్ దాకా ఇసుక దారుల్లో దాని మీదే వెళ్ళేవాడట. చచ్చేలోగా ఒక్కసారి దాని మీద వక్రా సముద్రం దాకా వెళ్ళాలని ఆయన కోరిక. ఆ కోరిక తీరుస్తానని పెద్దకొడుకు దాన్ని ఎవరిదో గ్యారేజీకి పంపాడు. మూడు నెలల తర్వాత అద్దంలా మెరుస్తూ తిరిగొచ్చింది. ఎన్నడూ లేని ఇండికేటర్లు, దొంగల అలారం, ట్యాంకు కింద నీలం లైట్లు. పైన అంతా పెళ్ళికొడుకు ముస్తాబే.

అది వచ్చిన వారానికి చలికాలపు ఒక సాయంత్రం పెద్దకొడుకు స్నేహితులను పిలిచి, బండిని ముంగిట్లో నిలబెట్టాడు. ఆ పొద్దున పెద్దకొడుకు చెప్తేనే నాన్న బండి కడిగాడు. బాబా ఎక్కి కూర్చున్నాడు, ఇంజన్ అందుకుంది, అందరూ చప్పట్లు కొట్టారు. బాబా మురిసిపోయి ఎక్సిలేటరు గట్టిగా తిప్పాడు. అంతే, సీటు కింద నుంచి పసుపుపచ్చ పొగ, ఆ వెంటనే మంట. నాన్న బాబాను రెండు చేతులతో ఎత్తి పక్కకు లాగాడు గానీ అప్పటికే ఆయన తొడ మీద అరచెయ్యంత బొబ్బ లేచింది. మాడిన వైర్ల కంపు ఆ ఇంటి కర్టెన్లకు వారం రోజులు పట్టుకుంది.

పెద్దకొడుకు తన స్నేహితుల ముందే నాన్న మీదికి వేలు చూపించాడు. "నీళ్ళు పోసింది వీడు. వైర్లు కెలికింది వీడు. వీడి వీసా క్యాన్సిల్."

ఆ రాత్రి అమ్మ మంచం కింది పెట్టె బయటికి లాగి బట్టలు సర్దింది. సగంలో ఉన్న నా చదువు గురించి ఎవరూ మాట్లాడలేదు. పొద్దున్నే నాన్న ఆసుపత్రి నుంచి వచ్చిన బాబా దగ్గరికి వెళ్ళి, ఎనిమిది రోజులు గడువివ్వమని అడిగాడు. తప్పు తనదైతే తనే విమానం ఎక్కుతానన్నాడు. బాబా చాలాసేపు ఆయన మొహం చూసి, "యల్లా ఓబ్లు, ఖోలో," అన్నాడు. విప్పమని.

నాన్న హెడ్‌లైటు డూము విప్పినప్పుడు నేను మెట్టు మీద కూర్చుని ఉన్నాను. గుప్పెడంత ఆ గిన్నెలో పేగుల్లా కుక్కిన వైర్లు, అన్నీ ఎర్రవే, ఏది ఎక్కడికో తెలియకుండా. ప్రతి అతుకుకూ చుట్టిన నల్లటేపు వేడికి కరిగి బంకలా సాగుతోంది, ఆ బంకలో ఒక బల్లి కాళ్ళు చాపి అతుక్కుని కుళ్ళిపోయి ఉంది. సోల్డరు చేయాల్సిన చోట మెలితిప్పి వదిలేశారు, ఫ్యూజు ఉండాల్సిన చోట సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టారు. పైన అంత మెరుపు పూసి లోపల ఇంత మురికి పెట్టగలిగిన చేతుల మీద నాకు పుట్టినంత రోత, ఆ బల్లి మీద కూడా పుట్టలేదు.

మూడో రోజుకు నాన్నకు అసలు సంగతి దొరికింది. బండి టూల్‌బాక్సు మూత లోపలి తుప్పును కిరసనాయిలు గుడ్డతో రుద్దుతుంటే చెరిగిపోయిన అక్షరాలు బయటపడ్డాయి. ఆయన నన్ను పిలిచి చదివించాడు. 'పాజిటివ్ ఎర్త్' అని ఇంగ్లీషులో ఉంది.

"ఇప్పటి బండ్లన్నిటికీ బ్యాటరీ మైనస్సు బాడీకి కలుపుతారు మ్మీ. ఈ పాతదానికి ప్లస్సు బాడీకి కట్టల్ల. ఆ నాయాండ్లు తిరగేసి కట్టినారు. బాబా రేజు చేసినాడు, డైనమో కరెంటు ఒకదిక్కు, బ్యాటరీ కరెంటు ఒకదిక్కు వచ్చి కొట్టుకున్నాయి. కాలక ఏం జేచ్చాది?"

బాబాను కుర్చీలో కూర్చోబెట్టి ఆ మూత చూపించాడు. బాబా కళ్ళద్దాలు సర్దుకుని చదివి, ఆ రోజుల్లో తమకందరికీ తెలిసిన సంగతే ఎలా మరిచిపోయానా అని నుదురు కొట్టుకున్నాడు.

తర్వాత నాన్న చేసింది బాగు చేయడం కాదు, తీసిపారేయడం. ఇండికేటర్లు, అలారం, నీలం లైట్లు, ఎక్కడికీ పోని మూడు స్విచ్చులు, రెండు చేటల వైరు. ఇంజనుకు నిప్పురవ్వ పుట్టించేది మాగ్నెటో, దానికి బ్యాటరీతో పనే లేదు. కాబట్టి కరెంటు కావలసింది ముందు లైటుకూ, వెనక లైటుకూ, హారనుకూ మాత్రమే. మూడింటికీ మూడు రంగుల వైర్లు లాగాడు, బ్యాటరీ దగ్గర ఒకే ఒక ఫ్యూజు పెట్టాడు, ఎర్తులన్నీ ఒకే బోల్టు కిందికి తెచ్చాడు. చార్జింగును అదుపు చేసే పాత కటౌట్ డబ్బాలో కరిగి అతుక్కుపోయిన ముక్కలు పీకేసి, ఆ డబ్బాలోనే అగ్గిపెట్టెంత కొత్త రెగ్యులేటరు బిగించాడు. డైనమోకు బ్యాటరీ తీగను ఒక్క క్షణం తాకించి, దాని దిక్కు సరిచేశాడు. పని ముగిశాక హెడ్‌లైటు డూములో నా పిడికిలి దూరేంత ఖాళీ మిగిలింది. ఆ వారమంతా నేను శుభ్రమైనది చూసింది అదొక్కటే.

ఎనిమిదో రోజు శుక్రవారం. రోడ్లు ఖాళీగా ఉన్న పొద్దుటి పూట బాబా ఎక్కాడు, తొడకు కట్టు ఇంకా ఉంది. ఎక్సిలేటరు గట్టిగా తిప్పాడు. చార్జింగు ముల్లు వణికి, ప్లస్సు వైపు వాలి, అక్కడే నిలబడింది. పొగ లేదు. నాన్న బాబా వెనకే కారులో, అమ్మా నేనూ వెనకసీట్లో, వక్రా దాకా వెళ్ళాం. పడవల దగ్గర బండి ఆపి బాబా నాన్నను కావలించుకుని ఏడ్చాడు. చేపల కంపులో నిలబడి నేను మా నాన్నంతటివాడు లేడనుకున్నాను.

సాయంత్రం మజ్లిస్ గది నిండా అతిథులు. బాబా నమాజుకు మసీదుకు వెళ్ళాడు. నాన్న ఖర్జూరం పెట్టెలు మోసుకొచ్చి గుమ్మంలో దించుతున్నాడు, నేను ఆయన వెనక ఉన్నాను. లోపల పెద్దకొడుకు, తాను విదేశం నుంచి ఒక నిపుణుణ్ణి రప్పించి బండి బాగు చేయించానని చెప్తున్నాడు. మమ్మల్ని చూసి ఒక్క క్షణం తడబడి, వెంటనే నవ్వుతూ హిందీలో అడిగాడు, "అవునా కాదా ఓబ్లు? ఆ ఇంగ్లీషాయన ఎంత బాగా చేశాడు!"

నాన్న తల దించి, "అవును సార్," అన్నాడు.

గచ్చు మీదికి వచ్చాక నేను ఆయన కాళ్ళ దగ్గర ఉమ్మేశాను. "థూ! నీకు సిగ్గు ల్యాదా నాయనా? నీ మొగం చూడాలంటే అసయ్యంగా ఉంది," అన్నాను. ఆయన బకెట్టు తీసుకుని కారు కడగడానికి వెళ్ళిపోయాడు. మా పెట్టెలోని బట్టలు మళ్ళీ గూట్లోకి చేరాయి. ఆ ఒక్క 'అవును సార్' మీద నేను ఇంకా ఎనిమిదేళ్ళు దోహా బడిలో చదివాను. ఇప్పుడు ఇక్కడే ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం చేస్తున్నాను.

బాబా పోయి చాలా ఏళ్ళయింది. బండిని పెద్దకొడుకు ఎవరికో అమ్మేశాడు. నిన్న, విజిట్ వీసా మీద వచ్చిన నాన్నను కారులో ముఐథర్ తీసుకెళ్ళాను. విల్లా లేదు, షెడ్డు లేదు, మేమున్న గదీ లేదు; ఒకే అచ్చులో పోసినట్టు పన్నెండు ఇళ్ళున్న కాంపౌండు, ముందర సెక్యూరిటీ గది. దిగబుద్ధి కాక కారులోనే కూర్చున్నాం. ఇన్నేళ్ళూ నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట అప్పుడడిగాను.

"ఆ పొద్దు మజ్లిస్‌లో వాడట్లా అన్నందుకు నీకు కోపం రాల్యాదా నాయనా?"

నాన్న కిటికీలోంచి ఆ గేటు వైపు చూశాడు.

"వాడు ఏమన్యాడో నాకు గ్యాపకం ల్యాదు మ్మీ," అన్నాడు. "నువ్వన్యిందే గ్యాపకముండాది."