బావ కాల్చిన ఊచ మాంసం

మొన్న గురువారం పొద్దున్న మా మేనకోడలు ఫోన్ చేసి, "మావా, నాన్న పోనాడు" అంది. మా అక్క మొగుడు, నా బావ. ఎనభై ఏడేళ్ళ మనిషి, నెలరోజులుగా మంచం మీదే ఉన్నాడు. కబురు వినగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన చెబితే మీరు నన్ను తిట్టుకుంటారు. నాకంటే ముందు గార్డుగారబ్బాయికి చెప్పారేమో అనుకున్నాను.

గార్డుగారబ్బాయి నా స్నేహితుడు. వాళ్ళ నాన్న రైల్లో గార్డు. అరవై ఎనిమిది ప్రాంతంలో విజయనగరంలో చదువుకుంటూ నలుగురం ఒకే గదిలో ఉండేవాళ్ళం. ప్రతి నెలా మొదటి ఆదివారం బస్సెక్కి, సముద్రం ఒడ్డున ఉన్న మా అక్క వాళ్ళ ఊరికి పోయేవాళ్ళం. వీళ్ళని మొదట తీసుకెళ్ళింది నేనే. నన్నడిగితే ఆ తప్పు నాదే.

బావ పెళ్ళికి ముందు సరుకుల ఓడలో వంటవాడు. బ్రెజిల్ దేశపు రేవులో ఓడ పది రోజులు ఆగిందట. అక్కడి హోటల్లో తినేవాళ్ళు కదలరట, మాంసం గుచ్చిన ఇనప ఊచే మనిషి మనిషి దగ్గరికీ వస్తుందట, చాలనేదాకా పళ్ళెంలోకి కోసి వేస్తూనే ఉంటారట. అది ఏం మాంసమని మా అమ్మ ఎన్నిసార్లడిగినా, ఆయన వినపడనట్టు చుట్ట వెలిగించుకునేవాడు.

ఊరొచ్చి స్థిరపడ్డాక కమ్మరి చేత మూరెడు మూరెడు ఊచలు సాగదీయించుకున్నాడు. మేకపోతు మాంసానికి ఉప్పూ మిరియాలూ పుల్లమజ్జిగా పట్టించి, తన సరుగుడు తోటలోనే గొయ్యి తీసి నిప్పులు చేసేవాడు. మేం ఆకలని తొందరపెడితే, "మంట మీద కాలిస్తే మసి, నిప్పు మీద కాలిస్తే మాంసం. కూకోండి" అనేవాడు. అడ్డాకు విస్తళ్ళ ముందు వరసగా కూర్చునేవాళ్ళం. ఎడంచేత్తో ఊచ, కుడిచేత్తో కత్తి పట్టుకుని వచ్చేవాడు. "ఆకు మడిసీదాకా ఈ ఊస ఆగదు" అన్నది ఆయన పెట్టిన షరతు.

ఎవరికేది ఇష్టమో ఒక్కసారి చూస్తే చాలు, ఆయనకు గుర్తుండిపోయేది. గార్డుగారబ్బాయికి మాడిన అంచు, రెండోవాడికి కార్జం, పళ్ళు బాగులేని మూడోవాడికి మెత్తటి డొక్క ముక్క. నా దగ్గరికి వచ్చేసరికి ఊచ మొదట్లో పిడి దగ్గర మిగిలిందేదో అది. ప్రతిసారీ నాకు ఆఖరే. వాళ్ళ విస్తళ్ళు చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాణ్ణి.

తిరుగు బస్సులో ముగ్గురికీ ఆయన మాటలే. మొదట్లో 'మీ బావ' అనేవాళ్ళు, మూడో నెలకి 'మన బావ' అయిపోయాడు. మా అక్కని చేసుకున్నవాడు వీళ్ళకెలా బావ అవుతాడు? పైగా ఆయన కూడా, "గార్డుగారి గుంటడు ఈ నెల సిక్కిపోనాడురా" అని వాణ్ణి గురించి నా దగ్గరే బెంగపడేవాడు. నేనూ చిక్కాను. ఎవరికీ కనపడలేదు.

ఒక ఆదివారం, "బావకి జ్వరంట, రావద్దని కబురంపాడు" అని వాళ్ళకి అబద్ధం చెప్పాను. కోట దగ్గర హోటల్లో నలుగురం భోజనం చేశాం. నా పక్కన నా స్నేహితులు, మధ్యలో ఎవరూ లేరు. ఆ పూట అన్నం నాకు ఎంత రుచిగా ఉందో చెప్పలేను.

మర్నాడు పొద్దున్నే క్యారియర్ పట్టుకుని బావ మా గదికి వచ్చాడు. ముందురోజు పోతుని కోసి, నిప్పులు చేసి, సాయంత్రందాకా మా కోసం చూశాడట. ఆ సంగతి తర్వాత అక్క చెప్పింది. గుమ్మంలోనే గార్డుగారబ్బాయి ఎదురెళ్ళి, "జొరం ఎలగున్నాది బావా?" అన్నాడు.

బావ నావైపు ఒక్కసారి చూశాడు.

"తగ్గిపోనాది. నిన్నంతా దుప్పటి కప్పుకుని తొంగున్నాను" అన్నాడు.

బస్టాండుకి సాగనంపుతుంటే దారిలో ఆగాడు. "ఏటిరా గుంటా, నీ కోపమేటి?"

"నాకెప్పుడూ ఆకర్నే పెడతావేటి?" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"ఓరి ఎర్రోడా! ఆళ్ళు సుట్టాలు. నువ్వు ఇంటోడివి. ఇంటోడు ముందు తినీస్తాడేటి? నీకు పెట్టగా ఆ ఊసకి మిగిలిందే కదరా నాను తింతన్నాది!"

మా వైపు ఏ విందులోనైనా ఇంటివాళ్ళది ఆఖరి బంతి. ఇది పసిపిల్లలకి కూడా తెలుసు. ఇస్త్రీ బట్టలేసుకుని ఏడాదిపాటు చుట్టాల వరసలో కూర్చుని, నాకు మర్యాద జరగలేదని ఉడికిపోయింది నేను. పక్క నెల నుంచి లేచి మంచినీళ్ళు పోశాను, చివర్న బావతో ఒకే ఊచకి తిన్నాను. అసూయ పోయిందా అంటే పోలేదు. అబద్ధమాడింది నేను, అక్కకి కూడా చెప్పకుండా దాన్ని కడుపులో పెట్టుకున్నది ఆయన. నాకంటే మంచివాడని తేలిపోయాక ఇంకా ఎక్కువ కుళ్ళుకున్నాను. ఆ కుళ్ళుతోనే ఆయన్ని ఇన్నేళ్ళూ ప్రేమించాను, వేరేలా నాకు చేతకాలేదు.

గురువారం మధ్యాహ్నానికి ఊరు చేరాను. మిగతా ఇద్దరు స్నేహితులూ ఎప్పుడో పోయారు. గార్డుగారబ్బాయి మాత్రం నాకంటే ముందే వచ్చి, బావ తల దగ్గర కూర్చుని ఉన్నాడు. అక్క పుట్టింటి తరఫున కొత్తబట్ట కప్పవలసినవాణ్ణి నేను. సంచిలోంచి బట్ట తీసి విప్పుతుంటే, వాడు లేచి రెండో కొస అందుకున్నాడు.

"ఒదిలీరా. బావమరిదిని నాను" అన్నాను, అందరి ముందూ.

"ఎవుడు కాదన్నాడు? నాకూ బావే" అన్నాడు. కళ్ళు తుడుచుకోడానికైనా కొస వదల్లేదు.

వాడు తలవైపు లాగాడు. నేను కాళ్ళవైపు లాగాను. "ఇద్దరూ అలగ లాగితే ఎలగ మావా, కూసింత ఒదులు సెయ్యండి" అని మా మేనకోడలు ఏడుస్తూ అంది. ఎవరమూ వదులు చెయ్యలేదు. బట్ట బావ ఒంటికి తగలకుండా, జానెడు ఎత్తున, మా ఇద్దరి మధ్యా బిగుసుకుని ఉండిపోయింది.