తీగలు విప్పిన గంట

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. బాపుకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ రోజు పేజీలో "ఎండ మండిపోయింది, ఖాదర్ భాయ్ క్షేమం" అని మాత్రం రాసి మూసేశాను. ఇప్పుడు ఆ ఊరు వదిలి హుజూర్‌నగర్ వచ్చేశాను కనుక, ఎవరి ముఖమూ చూడకుండా రాయగలుగుతున్నాను.

దయ్యాలను నమ్మే మనిషిని కాను. నాకు డిటెక్టివ్ నవలలంటే ప్రాణం. వాటిలో మొదటి పేజీలో దయ్యం కనబడినా, చివరి పేజీలో దొరికేది మనిషే. లోకం కూడా అంతేనని నా నమ్మకం.

సాగర్ కట్ట పని జోరుగా జరుగుతున్న రోజులవి. నల్గొండ జిల్లాలో ఒక చిన్న ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో నేను ఆపరేటర్‌ని. ఊరి పేరు రాయను. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని బోర్డు ముందు కూర్చుంటే ఎంతటి షావుకారుతోనైనా మాట్లాడేదాన్ని. హెడ్‌ఫోన్ తీస్తే మాత్రం నా నోరు పెగిలేది కాదు. మా మెకానిక్ ఖాదర్ భాయ్ దీనిమీద రోజూ ఆటపట్టించేవాడు.

"నీ గొంతు గీ తీగలల్లనే ఉంటదా బిడ్డా? బయటికొస్తే పన్ను కట్టాల్నా ఏంది?"

నేను తల వంచుకుని నవ్వేదాన్ని.

బోర్డు గదికి ఆనుకుని, గోడ అవతల బ్యాటరీ గది ఉండేది. పెద్ద పెద్ద గాజు తొట్లు, వాటినిండా యాసిడ్. ఊళ్ళో కరెంటు పోయినా ఫోన్లు పోకుండా కాపాడేవి అవే. వాటి బలం ఎంతుందో చూపే మీటర్ నా బోర్డు పక్కన గోడకు ఉండేది. మీటర్ ముల్లు ఎర్ర గీత కిందికి దిగితే, దాని పక్కనున్న కరెంటు బెల్లు మోగుతుంది. దాన్ని మేం గంట అనేవాళ్ళం.

ఆ ఎండాకాలం ఆ గంట ఊరికే మోగడం మొదలుపెట్టింది. ఉలిక్కిపడి చూస్తే ముల్లు తన చోట చక్కగా ఉండేది. ఖాదర్ భాయ్ ఫ్యూజులు మార్చాడు. చిన్న బల్బు పట్టుకుని ఒక్కొక్క తీగనూ పరీక్షించాడు. దేనిలోనూ తప్పు లేదు. అయినా గంట మోగుతూనే ఉంది.

"అబద్ధాల గంట! నా పెండ్లాం గూడ ఇంత ఒర్రదు," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

నాకు మాత్రం పండుగలా ఉంది! కేసు నా కళ్ళముందే నడుస్తోంది. గంట ఎప్పుడెప్పుడు మోగుతుందో కనిపెట్టడం మొదలుపెట్టాను. పొద్దున వడ్ల బేరగాళ్ళంతా ఒకేసారి ఫోన్లకు ఎగబడినప్పుడే మోగుతోంది. మధ్యాహ్నం ఊరు నిద్రపోతే అదీ నిద్రపోతోంది. ఈ మాట ఖాదర్ భాయ్‌తో చెప్పడానికి నాకు చాలా ధైర్యం కావలసి వచ్చింది.

"అందరు ఒక్కసారి మాట్లాడితేనే మోగుతాంది, భాయ్," అన్నాను, నాకే వినబడనంత మెల్లగా.

ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "ఆఁ? మల్ల చెప్పు?"

ఆ పొద్దే పరీక్షించాం. బోర్డు మీద ఉన్న తీగలన్నీ గబగబా గుచ్చాను. ఆయన మీటర్‌కు ముక్కు ఆనించి నిలబడ్డాడు. ముల్లు చటుక్కున పడి, రెప్పపాటులో లేచింది. గంట మోగింది. నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను! తరువాత సిగ్గుపడ్డాను గానీ, కొట్టడమైతే కొట్టాను.

గంటది అబద్ధం కాదన్నమాట. బ్యాటరీ గదిలో రెండు తొట్లను కలిపే సీసపు పట్టీ దగ్గర అతుకు వదులైంది. దానిమీద తెల్లగా బూజులా పేరుకుంది. ఒకేసారి ఎక్కువ ఫోన్ల బరువు పడగానే అక్కడ కరెంటు తడబడుతోంది.

"దొంగ దొరికిండు!" అన్నాడు ఖాదర్ భాయ్. మంట దీపంతో సీసం కరిగించి అతకాలి. అయితే దానికో నియమం ఉంది. చార్జింగ్ ఆపాక కిటికీలు తెరిచి గంటసేపు ఆగాలి. చార్జింగ్‌లో తొట్లలోంచి వచ్చే గాలికి నిప్పు తగిలితే పేలుతుంది.

ఆయన చార్జింగ్ ఆపాడు. అతుకు పక్కనుంచి తాత్కాలికంగా ఒక లావు తీగ వేశాడు, ఫోన్లు ఆగకుండా. తరువాత నా గదిలోకి వచ్చి, పని జరుగుతున్నంతసేపు చెవులు చిల్లులు పడకుండా గంటను గోడనుంచి ఊడదీశాడు. దాని రెండు తీగల కొసలకూ నల్లటి టేపు చుట్టి, నా మోచేతి పక్కన బల్లమీద పెట్టాడు.

"ఇగ నోరు మూసుకుని పండు," అని దానికి చెప్పి గోడ అవతలికి పోయాడు.

ఆయన పోయిన కొంతసేపటికి హాలియా నుంచి ఒక రైసుమిల్లు షావుకారు ఫోన్. ఆయన నంబరు చెబుతున్నాడు, నేను రాసుకుంటున్నాను. అంతలో నా మోచేతి పక్కన గంట మోగింది.

టింగుమని ఒకసారి కాదు. ఆగకుండా మోగింది. సుత్తి అదురుతోంది. చెయ్యి వేశాను. నా అరచేతి కింద ఇనుము వణికింది. టేపు చుట్టిన తీగలు బల్లమీద అలాగే ఉన్నాయి, దేనికీ తగలకుండా.

నా చెవులను నేను నమ్మలేదు. షావుకారు మాట లేకపోతే ఈనాటికీ నమ్మేదాన్ని కాదు.

"ఏం బిడ్డా, బడి పెట్టినవా? జర గా గంట బంద్ చెయ్యి, నా ముచ్చట నాకే వినవస్తలేదు!"

హెడ్‌ఫోన్ లాగి పడేశాను. గోడవైపు తిరిగి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాను.

"గంట! భాయ్, గంట!"

లోపల ఏదో కింద పెట్టిన చప్పుడు. ఖాదర్ భాయ్ నా గది గుమ్మంలోకి వచ్చాడు. ఒక చేతిలో ఇంకా వెలిగించని మంట దీపం, ఇంకో చేతిలో గీయని అగ్గిపుల్ల. ముఖం నిండా ఆశ్చర్యం.

"అరె, గంట కాలేదా ఇంకా? నేను అయిందనుకున్న."

నేను గంట మోగుతోందని అరిచాను. ఆయన గంటసేపు కాలేదని విన్నాడు. తీగలు తానే విప్పిన గంట మోగుతుందని ఆయనకెందుకు తోస్తుంది? కాదు భాయ్ అని చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా.

అప్పుడే గోడ అవతల పేలింది.

తరువాత తేలిందేమిటంటే, వడగాడ్పుకు దీపం ఆరిపోతుందని ఆయన కిటికీలు మూశాడు. వేసిన లావు తీగ జారి మెరుపు వచ్చింది. లోపల నిండిన గాలి అంటుకుంది. రెండు తొట్లు ముక్కలై, ఆయన కూర్చున్న పీట మీద గాజు పెంకులు, యాసిడ్. పీట చెక్క పొగలు కక్కింది. ఫోన్లన్నీ చచ్చిపోయాయి. బల్లమీద గంట కూడా ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

పై అధికారులు వచ్చి చూశారు. నియమం గుర్తుచేసి మనిషిని కాపాడిందని అందరి ముందు నన్ను మెచ్చుకున్నారు. నేను తల వంచుకున్నాను. సిగ్గనుకున్నారు.

నేను వెతకని కారణం లేదు. లారీ పోయి బల్ల అదిరిందా? అదిరితే ఒకసారి టింగుమంటుంది, అంతసేపు మోగదు. గంటలో కరెంటు మిగిలి ఉంటుందా? ట్రైనింగులో ఇచ్చిన పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివాను. తీగ లేనిదే కరెంటు లేదని ఉంది. ఎన్ని నవలలు చదివినా నాకు దొరకని దొంగ ఇదొక్కడే. భయం వేయలేదు. నిజం చెప్పాలంటే, ఆ వణుకు అరచేతిలో గుర్తొచ్చినప్పుడల్లా ఈనాటికీ గుండె ఉరకలు వేస్తుంది.

పేలిన నాలుగైదు రోజులకు ఖాదర్ భాయ్ భార్య మా ఇంటికి వచ్చింది. అంతకుముందు ఎన్నడూ చూడలేదు. చంకలో చిన్న పిల్ల, చేతిలో మూత పెట్టిన గిన్నె. అమ్మ లోపలికి పోగానే నా పక్కన కూర్చుంది.

"అందరు నువ్వు టైం యాది చేసినవంటున్నరు, చెల్లె. మా ఆయన గూడ అదే అంటడు. గోడ అవతల ఉన్నోడు అగ్గిపుల్ల తీసిండని నీకెట్ల ఎరుక?"

అంతమందిలో ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. తెలియదన్నట్టు తల ఊపాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె నా ముఖంలోకి చూసింది. తరువాత గిన్నె మూత తీసి నా ముందుకు జరిపింది. సేమ్యా పాయసం, ఇంకా ఆవిరి వస్తోంది.

"సరే తియ్యి, నీకు గూడ తెల్వదు. ఆయనైతే ఇంటికొచ్చిండు. తిను చెల్లె, చల్లారిపోతాంది."