కోట వాకిట్లో తవుడు పాప

మా చిన్నప్పుడు... ఇంటి వెనక నాపరాయి ముక్కలు గుట్టగా పడి ఉండేవి. మా నాయన బండలు చెక్కేవాడు. ఆయన చెక్కగా మిగిలిన ముక్కలతో నేనూ నా చెల్లెలు సుబ్బులూ కోట కట్టేవాళ్ళం. సీతాఫలం గింజలు సైనికులు. కథ చెప్పేది మాత్రం నేనే... నా చదువు ఐదో తరగతిలో ఆగింది గానీ నోరు ఎక్కడా ఆగలేదు.

ఆటలో నేను కోట కాపలావాణ్ణి. సుబ్బులు బయట నిలబడి తలుపు తీయమనాలి.

"ఎవరు మే నువ్వు?"

"ఈ ఇంటి పిల్లను."

"యాడ ఈ ఇంటి పిల్లవు? నిన్ను తవుడు పోసి కొనుక్కొచ్చినాం. రెండు శేర్లు!"

మీ ఇళ్ళలోనూ చిన్నవాళ్ళను ఇట్లా ఏడిపించే ఉంటారు. అందరికీ తెలిసిన వేళాకోళమే... ఆరేళ్ళ సుబ్బులుకు తప్ప.

ఆ ఏడాది ప్రొద్దుటూరు నుంచి మా మేనత్త వచ్చింది. పిల్లల్లేరు ఆమెకు. సుబ్బులును పెంచుకుంటానని అడిగింది. నాయన తలూపాడు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు.

సుబ్బులు గోల చేస్తుందనుకున్నాం. చేయలేదు. జడలు వేయించుకుని, రెండు గౌన్లున్న సంచి చంకన పెట్టుకుని, నా దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగింది.

"అన్నా, అత్తోళ్ళేనా నన్ను అమ్మినోళ్ళు?"

నాకు తొమ్మిదేళ్ళు. నవ్వొచ్చింది.

"ఊ, వీళ్ళే. తవుడు వాపసు తెచ్చినారు. ఇంక పో మే."

బస్సెక్కే దాకా అది వెనక్కి తిరిగి చూడలేదు...

మొన్న ఎండాకాలం కర్నూలులో మా కూతురింటికి వెళ్ళాను. మనవరాలు హారికకు పదకొండేళ్ళు. ఒకదానికొకటి టక్కున అతుక్కునే ప్లాస్టిక్ ఇటుకల సెట్లున్నాయి దాని దగ్గర. కోట, రెక్కల డ్రాగన్, మంత్రగత్తె, వేలెడంత మనుషులు... పెట్టె మీద బొమ్మ చూసి కట్టి, అలమారలో దాచుకుంటుందేమో అనుకున్నాను. కాదట! వాటితో కథ ఆడతారట. ఒకరు కథ నడిపిస్తారు. మిగిలినవాళ్ళు తలా ఒక బొమ్మ తీసుకుని, ఆ బొమ్మే తామైనట్టు మాట్లాడాలి. నేల మీద పరిచిన బండకొక అడుగు చొప్పున బొమ్మను జరపాలి. ఏదైనా పని అవుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది; పెద్ద అంకె పడితే అయినట్టే.

"తాతా, నువ్వు దొంగ."

"అది మీ అవ్వ ఎప్పుడో చెప్పింది లేమ్మా."

నా దొంగ టోపీ పీకి మంత్రగత్తె జుట్టు తగిలించాను. తిన్నగా డ్రాగన్ ముందుకు నడిపించాను. "ఏమప్పా, రోంత నిప్పిస్తావా? బీడీ ముట్టిచ్చుకుంటా" అన్నాను. పాచిక వేస్తే పద్దెనిమిది పడింది. డ్రాగన్ నిప్పిచ్చింది! హారిక పొట్ట పట్టుకుని నవ్వింది.

తర్వాత అది కోట వాకిట్లో ఇంకో బొమ్మను నిలబెట్టింది. పొట్టి కాళ్ళు, రెండు జడలు. గొంతు సన్నగా చేసి ఆ బొమ్మలా మాట్లాడింది.

"దొంగన్నా, నేను తప్పిపోయినా. ఎవురి పిల్లనో నీకు తెలుసా?"

ఆ రెండు జడలను వేలితో తడిమాను.

"చెప్పు తాతా. పాచిక ఎయ్యి. పది దాటితే నిజం చెప్పాల, తగ్గితే అబద్ధం చెప్పాల."

పాచిక నా చేతిలోనే ఉంది. వేయలేకపోయాను... తగ్గితే?

"మా పాపవే మే. మా ఇంటి పిల్లవే నువ్వు" అనేశాను.

"తొండి! ఎయ్యకుండానే చెప్పినావు!" అని అరిచిన హారిక, నా మొహం చూసి, నా చేతిలోని పాచిక తీసి పక్కన పెట్టింది.

లేచి వరండాలోకి వచ్చి సుబ్బులుకు ఫోన్ చేశాను. దానికిప్పుడు అరవై దాటాయి. పెళ్ళిళ్ళలో కలిస్తే "బాగుండారా?" అని అడిగి పక్కకు వెళ్ళిపోతుంది. సొంత అన్నను ‘మీరు’ అంటుంది. ఊరంతా నా మాటలకు నవ్వుతుంది... అది నవ్వదు.

"సుబ్బులూ, ఆ తవుడు మాట అబద్ధం మే."



"ఇప్పుడు చెప్తాండారా అన్నా?" అంది. "పెద్దయినాక నాకే తెలిసిందిలే. ఆ పొద్దు తెలీదు కదా. బస్సులో అత్తను అడిగినా, తవుడు అంతా తిరిగిచ్చేసినారా, లేకపోతే మళ్ళీ మా అన్న వచ్చి అడుగుతాడా అని... వస్తే బాగుండు అనుకున్యా."

"సుబ్బులూ..."

"పాలు పొంగుతాండాయి. ఉంటా అన్నా."

ఇప్పటి పిల్లల ఆటలో మాట తప్పుగా వస్తే మళ్ళీ పాచిక వేయనిస్తారు. బొమ్మ చచ్చిపోతే తల మార్చి వేరే పేరు పెట్టుకుంటారు. మా ఆటకు అట్లాంటి సౌకర్యం లేదు... చెల్లెలి ముందు అన్నది అన్నట్టే ఉండిపోయింది, ఇన్నేళ్ళూ.

మీరు ఎవరిని తవుడు పోసి కొన్నారు? కింద రాయండి, చదువుతాను. కానీ ముందు వాళ్ళకు ఫోన్ చేసి, అది అబద్ధమని చెప్పి రండి...