కంప్యూటరు మింగిన ఏడు బొమ్మలు

నా చిన్నప్పుడు నేనాడిన అబద్ధాలన్నీ ఒకదానికొకటి తగిలిస్తే మా టైడా స్టేషన్లో ఆగే గూడ్సుబండి కంటే పొడుగు. వాటిలో ఒక్కదాని సంగతే నాకు ఇప్పటికీ నవ్వు తెప్పించదు.

మా పిన్ని బొమ్మలు వేసేది. ఎర్రమట్టి, మసి, బియ్యప్పిండి ముద్ద, అవే రంగులు. కొండకథలతో బడిపిల్లలకి పుస్తకం తెస్తామని ఒక మాస్టారు అడిగితే ఏడు బొమ్మలు వేసింది. మా ఇంట్లో గోడమీద బొమ్మ వేస్తే, చివర్న ఇంటి పెద్దావిడ పిండిలో వేలు ముంచి చుక్కలు పెట్టాలి. అప్పటిదాకా అది పూర్తయినట్టు కాదు. కాయితమైతే ఏటని, అమ్మమ్మ ఏడింటిమీదా చుక్కలు పెట్టింది. పుస్తకం పని మొదలవకముందే అమ్మమ్మ పోయింది.

మాస్టారు బొమ్మల్ని స్కానింగుకి అరకులో ఒక ఆఫీసులో ఇచ్చారు. అవి తెమ్మని పిన్ని నన్ను పంపింది. అక్కడ మా ఎర్రమట్టి కంప్యూటరు తెరమీద దీపంలా వెలుగుతుంటే నోరు తెరుచుకుని చూశాను. తిరుగు రైల్లో ఊరుకుంటానా? బొమ్మలన్నీ ఒళ్ళో పరుచుకుని, అరకు చూసిపోతున్న పట్నంవాళ్ళకి లేని పులుల్ని కల్పించి చెప్పాను. సొరంగం దాటగానే కిటికీలోంచి కొట్టిన గాలి ఏడింటినీ లోయలోకి ఊడ్చుకుపోయింది.

"కంప్యూటరు మింగేసింది పిన్నీ. కాయితం లోపలుంటేనే తెరమీద కనిపిత్తాదట," అన్నాను ఇంటికొచ్చి.

పిన్ని మసి అంటిన చేతులు కొంగుకి తుడుచుకుంది. "అలాగా! రేపు బేగి లెగు గుంటా, దాని కడుపులో ఏటుందో సూసొద్దాం."

మర్నాడు ఆఫీసులో కుర్రాడు తెరమీద బొమ్మలు తెరిచి, ఒకటి ప్రింటు తీసిచ్చాడు. "కాయితాలు పాప నిన్ననే పట్టుకెళ్ళింది కదండీ" అన్నాడు కూడా. పిన్ని నా వంక చూడలేదు. ప్రింటు మీది చుక్కల్ని వేలితో తడిమింది. నున్నగా ఉన్నాయి.

"సానా బాగుంది బాబూ. ఇంక పిల్లలందరికీ అందుతాది," అంది. మనసారానే అంది. బయటికొచ్చాక మాత్రం మెట్టుమీద కూలబడి, "బొమ్మొచ్చింది గానీ అమ్మ వేలు రానేదే," అంది.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "ఎక్కడ పోనాయే?" అని మెల్లగా అడిగింది. నిజం నాలిక చివరిదాకా వచ్చింది. "కోతి ఎత్తుకుపోయింది" అన్నాను. పిన్ని ఒక నవ్వు నవ్వి లేచింది. ఆ తర్వాత ఎన్నడూ అడగలేదు.

పుస్తకం వచ్చింది, ఊరూరా పిల్లలు చదివారు. ఇప్పుడు ఫోన్లోనూ ఉంది. ఆ కంప్యూటరే లేకపోతే పిన్ని పనంతా లోయపాలయ్యేది, కాదనను. మా అమ్మాయి బొమ్మ గీస్తే ఫోటో తీసి నలుగురికీ పంపుతాను, కాయితాన్ని పెట్టెలో దాయిస్తాను. పిన్ని పోయి మూడేళ్ళయింది. ఆవిడ అడిగినదానికి జవాబు ఇంకా నా దగ్గరే ఉండిపోయింది.