వాన లేకుండా వచ్చిన ఏరు

కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ ఫ్యాను చేసే గోలలో నా గొంతు మీకు వినపడదు. నాకు చదువు అబ్బలేదు గానీ, ఒకసారి కళ్లతో చూసింది మాత్రం మరిచిపోను. మొన్న నేనూ మా మరిది కూతురూ కల్లూరులో షేర్ ఆటో ఎక్కి కర్నూలు బజారుకు పోతున్నాం. ఆటో వంతెన మీదికి ఎక్కిందో లేదో, ఎవరో చెప్పినట్టు అందరూ ఒక్కసారే ముక్కులు మూసుకున్నారు. డ్రైవరైతే ఒంటి చేత్తోనే తోలుతున్నాడు.

"ముక్కు మూసుకో పెద్దమ్మా, మురుగు మోరీ వస్తాండాది" అంది పిల్ల.

"మోరీ కాదు మే. అది హంద్రి."

"పేరుంటే కంపు కొట్టకుండా పోతాదా?"

ఆటోలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పాపం, ఆ పిల్లకేం తెలుసు? తల్లి కడుపులో ఉన్నప్పుడే ఈ ఏరు తనకు ఎంత దగ్గరికి వచ్చి పోయిందో వాళ్ల నాయన ఏనాడూ చెప్పలేదు. దోసిలికీ పెదవికీ మధ్య ఉన్నంత దగ్గరికి వచ్చింది.

హంద్రి పెద్ద నది కాదు. పత్తికొండ దిక్కు చేలల్లో పుట్టి, కోడుమూరు మీదుగా వచ్చి, కర్నూలులో తుంగభద్రలో కలిసిపోతుంది. నేను కాపురానికి వచ్చిన ఊరు కర్నూలుకు ఎగువన, దాని గట్టు మీదే. ఏడాదిలో ముక్కాలు భాగం అక్కడ ఉండేది ఇసుకే. మా అత్త ఆ ఏటిని పోయిన మా మామతో పోల్చేది. "మీ మామ మాదిరే. వచ్చినప్పుడు ఊరంతా అల్లాడిస్తాడు, పోతే జాడ ఉండదు" అనేది. అయినా ఎండాకాలంలో ఊరికి నీళ్లిచ్చింది ఆ ఇసుకే. మోకాటి లోతు చెలమ తవ్వితే అడుగున నీళ్లు నెమ్మదిగా ఊరేవి. మొదట ఊరిన నీళ్లు చిప్పతో చల్లేసి, రెండోసారి ఊరినవి కడవకు ముంచుకునేవాళ్లం. ఆ నీళ్లతో కందిబేడలు ఉడికిస్తే వెన్న మాదిరి అయ్యేవి.

మా ఏటికి ఇంకో గుణం ఉంది. ఇక్కడ చుక్క పడకపోయినా, ఎగువన ఎక్కడో వాన కురిస్తే చాలు, ఎర్రటి ఎండలో కూడా ఒక్కసారిగా వచ్చేస్తుంది. అలా వచ్చిన కొత్త నీళ్లకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, తొలి దోసిలి తాగాలి. ఇంట్లో కడుపుతో ఉన్న కోడలుంటే ఆ దోసిలి ఆమెదే. బిడ్డ చల్లగా ఉంటుందని మా అత్త నమ్మకం. నా కడుపులకు ఆ భాగ్యం కలగలేదు. నేను కడుపుతో ఉన్న ఏడాదులన్నీ ఏరు అలిగే కూర్చుంది.

ఆ ఎండాకాలం మా తోడికోడలికి ఏడో నెల. ఆమె మొగుడు, అంటే మా మరిది, ఎగువన కొత్తగా పెట్టిన రంగుల ఫ్యాక్టరీలో పనికి పోతున్నాడు. ఒకరోజు పొద్దున గొర్రెల కాపరి గట్టు మీద నుంచి కేక పెట్టాడు. "ఏరు వస్తాండాదప్పో! ఏరు!"

ఊరు ఊరంతా పరుగెత్తింది. మా అత్త పసుపు గిన్నె పట్టుకుని, చిన్నకోడలి రెక్క పట్టుకుని ముందు నడిచింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. "పత్తికొండ దిక్కు గట్టిగా పడింటాది" అన్నారు మగవాళ్లు. కొత్త నీళ్లంటే ముళ్లకంప, పేడ, చీమల గుంపులు ముందు తోసుకుంటూ చప్పుడు చేస్తూ వస్తాయి. ఇవేమో దొడ్డిదారిన ఇంట్లోకి వచ్చిన మనిషి మాదిరి చప్పుడు లేకుండా వచ్చాయి. రంగు టీ డికాషను లాగా ఉంది. కొత్త నీళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నేను కాలు పెడితే గోరువెచ్చగా తగిలింది. ఇసుక వేడేమో అనుకున్నాను.

అప్పుడే మా మరిదిని చూశాను. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నవాడు, కేకలకు లేచి వచ్చి అందరికీ వెనకాల నిలబడ్డాడు. అందరూ ఏటిని చూస్తుంటే వాడు మాత్రం పెళ్లాం చేతులనే చూస్తున్నాడు. అత్త పసుపు చల్లింది. వాడు ఒక అడుగు ముందుకొచ్చాడు. కర్పూరం వెలిగించింది. ఇంకో అడుగు. ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచి, చుట్టూ ఊరి జనాన్ని చూసి మూసుకున్నాడు. టెంకాయ పగిలింది. "తాగు మే, కండ్లు మూసుకొని తాగు" అంది అత్త. తోడికోడలు వంగి దోసిలి నింపుకుంది, కళ్లు మూసుకుంది, నోటి దాకా తెచ్చింది.

వాడు జనాన్ని తోసుకుని వచ్చి ఆ చేతుల మీద కొట్టాడు. నీళ్లన్నీ ఆమె చీర కుచ్చెళ్ల మీద పడ్డాయి.

మా అత్త చెయ్యి వాడి చెంప మీద పేలింది. "గంగమ్మను కొడ్తావేమిరా! పొద్దున్నే తాగినావా?"

"తాగల్యా మా. ఆయమ్మిని తాగనీయొద్దు. ఇవి వాన నీళ్లు కావు. మా ఫ్యాక్టరీ గుంతలో నీళ్లు. రాత్రి తూము ఎత్తినారు."

"ఎవరెత్తినారు?"

వాడు తల వంచుకున్నాడు. కర్పూరం ఆరిపోయింది.

"ఎవరురా?"

"నేనే మా. ఎత్తమన్నారు, ఎత్తినా. ఇంత దూరం రాదులే, ఇసుకలోనే ఇంకిపోతాదిలే అనుకుంటి."

గొర్రెల కాపరి తన మందను చూసి పరుగెత్తాడు. అవి అప్పటికే దిగువన తాగుతున్నాయి. సాయంత్రానికి కొన్ని కడుపులు ఉబ్బి పడిపోయాయి. తోడికోడలు ఆ రాత్రంతా వట్టి పెదవులనే తుడుచుకుంటూ కూర్చుంది. మా మరిది మళ్లీ ఆ పనికి పోలేదు. చెలమ నీళ్లు కొన్నాళ్లకు చూడ్డానికి అద్దం మాదిరే తేరుకున్నాయి గానీ, కందిబేడలు ఎంత ఉడికించినా పలుకు మెత్తబడలేదు. మా అత్త ఆ కుండ దించి, చెలమను తన చేత్తోనే ఇసుకతో పూడ్చేసి వచ్చింది.

ఆ తర్వాత నిజంగానే వాన పడింది. చప్పుడు చేస్తూ, కంప తోసుకుంటూ ఏరు వచ్చింది. ఊరంతా గట్టు మీదికి వచ్చాం. కిందికి మాత్రం ఎవరూ దిగలేదు. అత్త పసుపు గిన్నె చేత్తో పట్టుకుని చిన్నకొడుకును పిలిచింది. "రేయ్, నువ్వు పోయి చూసి చెప్పు. ఇది మనదా, వాళ్లదా?"

వాడు దిగాడు. కాలు పెట్టి చూశాడు, వాసన చూశాడు. "మనదే మా" అన్నాడు. అన్నాడే గానీ ఆ గొంతులో బలం లేదు. అత్త పసుపు చల్లింది, టెంకాయ కొట్టింది. దోసిలి మాత్రం ఎవరూ పట్టలేదు. అప్పటి నుంచి మా ఊళ్లో ఏటికి పూజ ఉంది, తాగడం లేదు.

ఆడపిల్ల పుట్టింది. ఆ చీర మీద మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. మా అత్త కుచ్చెళ్ల భాగం చించి పారేసి, మిగతా గుడ్డతో మనవరాలికి ఉయ్యాల కట్టింది.

మొన్న వంతెన మీద నా ఒక చెయ్యి ముక్కు మీద ఉంది. రెండోది దానంతట అదే నొసటికి పోయింది.

"ఎవరికి పెద్దమ్మా, దండం పెడ్తాండావు?" అంది పిల్ల.

"మీ నాయన్ని అడుగు, చెప్తాడు" అన్నాను.

వంతెన దాటేసరికి అందరూ చేతులు దించారు, మాటలు మొదలయ్యాయి. ఇన్నేళ్లు ఎటు పోయాయో తెలియదు గానీ, ఆ దోసిలి నీళ్లు మాత్రం నా కళ్లకు ఇంకా కింద పడుతూనే ఉన్నాయి. ఇంతసేపు ఓపిగ్గా విన్నారు. మీ ఇంట కడవలు నిండుగా ఉండాలి, బేడలు మెత్తగా ఉడకాలి, మీ పిల్లలు వాసన చూడకుండా కడుపునిండా నీళ్లు తాగాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి.